రోమ్ కట్టిన లోకం – 6: సున్నం, బూడిద, గుమ్మటం

రోమ్‌కు మంచి రాయి లేదు. కొలోసియం బొమ్మ చూసినవాళ్లకు ఈ మాట నమ్మబుద్ధి కాదు. కానీ ఆ నగర నిర్మాణ చరిత్ర అంతా ఈ కొరత చుట్టూనే తిరిగింది. ఏడు కొండల కింద దొరికేది టఫ్. పాత అగ్నిపర్వతాలు వెళ్లగక్కిన బూడిద గట్టిపడగా ఏర్పడిన మెత్తటి రాయి అది. కోయడం తేలిక, కానీ ఎండకూ వానకూ పొరలుగా రాలిపోతుంది. గట్టిదైన ట్రావర్టీన్ కావాలంటే నేటి తివోలి వైపు సుమారు 30 కిలోమీటర్లు పోవాలి. పాలరాయి మొదట్లో గ్రీసు నుంచి ఓడల మీద రావలసిందే. ఇటలీలోని లూనా గనులను, అంటే నేటి కరారా గనులను, రోమన్లు పెద్ద ఎత్తున తవ్వడం క్రీ.పూ. 1వ శతాబ్దంలో మొదలైంది.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో గాల్ తెగల దాడి తరవాత కట్టిన సర్వియన్ గోడనూ, క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ మొదలుపెట్టిన రహదారినీ గత భాగంలో చూశాం. ఆ గోడ టఫ్ దిమ్మెలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టింది. అక్కడి నుంచి 43 మీటర్ల వెడల్పున్న గదిని ఒక్క స్తంభం కూడా లేకుండా కప్పే స్థాయికి రోమన్లు చేరడానికి సుమారు 500 ఏళ్లు పట్టింది. ఈ భాగం ఆ ప్రయాణం గురించి. రోమ్ అనగానే మన కంటికి కనిపించే స్తంభాలు చాలావరకు గ్రీకుల దగ్గర నేర్చుకున్నవి. రోమన్ల సొంత ప్రతిభ ఆ స్తంభాల వెనక, చలువరాతి పలకల చాటున ఉన్న గోడలో ఉంది.

దూలం ఆగిపోయిన చోట

రాయి బరువును బాగా మోస్తుంది, వంపును మాత్రం భరించలేదు. రెండు స్తంభాల మీద రాతి దూలం పెడితే దాని అడుగు భాగం సాగడానికి చూస్తుంది. దూరం పెరిగితే అక్కడే పగులుతుంది. అందుకే గ్రీకు ఆలయాల్లో స్తంభాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఏథెన్స్‌లోని పార్థెనాన్‌లో ఒక స్తంభం మధ్య నుంచి పక్క స్తంభం మధ్యకు దూరం 4 మీటర్ల పైచిలుకు మాత్రమే. పైకప్పుకు కలపే దిక్కు. ఆ ఆలయంలో దేవతా విగ్రహానికే చోటు. జనం గుమిగూడేది బయట, ఆకాశం కింద.

ఈ చిక్కుకు విరుగుడు కమాను. ఏటవాలుగా చెక్కిన రాళ్లను అర్ధచంద్రాకారంగా పేరిస్తే ఒక్కో రాయి పక్క రాయిని నొక్కుతుంది. సాగే పని ఎక్కడా లేదు, అంతా నొక్కుడే. కమానును రోమన్లు కనిపెట్టలేదు. మెసొపొటేమియాలో, ఈజిప్టులో అది ఎప్పటి నుంచో ఉంది. ఇటలీలో ఎట్రుస్కన్లకూ తెలుసు. అయితే రాతి కమానుకు ప్రతి రాయినీ కొలత తప్పకుండా చెక్కే శిల్పులు కావాలి. అది ఖరీదైన పని, నెమ్మదిగా సాగే పని. యుద్ధాలు గెలిచి, జనం లక్షల్లోకి పెరుగుతున్న నగరానికి ఆ వేగం చాలదు.

పుటియోలి మట్టి

నేపుల్స్ అఖాతం ఒడ్డున పుటియోలి అనే రేవు ఉండేది. నేటి పొట్జువోలి అదే. ఆ చుట్టుపక్కల నేల అంతా అగ్నిపర్వతపు బూడిద. దాన్ని సున్నంలో కలిపితే నీళ్లలో కూడా గట్టిపడుతుందని అక్కడి కట్టుబడివాళ్లు గమనించారు.

మామూలు సున్నం గట్టిపడాలంటే గాలి కావాలి. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే పొడిసున్నం వస్తుంది, దానికి నీళ్లు తగిలితే తడిసున్నం అవుతుంది. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని తిరిగి రాయిగా మారుతుంది. గోడ మందంగా ఉంటే గాలి లోపలి దాకా పోదు, కాబట్టి నడిమి భాగం ఏళ్ల తరబడి మెత్తగానే ఉండిపోతుంది. అగ్నిపర్వతపు బూడిద కలిపితే కథ మారుతుంది. అందులోని సిలికా, అల్యూమినా నీటి సాయంతో సున్నంతో కలిసి కొత్త బంధాలు ఏర్పరుస్తాయి. గాలితో పని లేదు. ఎంత మందపు గోడైనా నడిమి దాకా గట్టిపడుతుంది.

ఆగస్టస్ చక్రవర్తి కాలంలో విట్రూవియస్ అనే ఇంజనీరు వాస్తు మీద పది సంపుటాల గ్రంథం రాసి ఆయనకే అంకితమిచ్చాడు. గనిలో తవ్విన ఇసుకైతే ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు, నది ఇసుకైతే రెండు పాళ్లు కలపాలని అందులో చెప్పాడు. సముద్రంలో కట్టే పనికి ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు పుటియోలి మట్టి అన్నాడు. బూడిద దొరకని చోట రోమన్లు పెంకులూ కుండలూ పొడికొట్టి సున్నంలో కలిపి నీటి తొట్లకు, స్నానశాలలకు పూసేవారు. మన పాత మేస్త్రులు గానుగ సున్నంలో ఇటుకపొడిని సుర్కీగా కలిపి చెరువు తూములకూ మిద్దెలకూ వాడింది ఈ సూత్రం మీదే. కాలిన బంకమట్టి సున్నంతో కలిసి చేసే పని అగ్నిపర్వతపు బూడిద చేసే పనే.

గోడను కోసి చూస్తే

రోమన్ కాంక్రీటు మన స్లాబు వేసినట్టు పలచగా కలిపి పోసింది కాదు. ముందు గోడకు రెండు వైపులా కొంత ఎత్తు దాకా చిన్న రాళ్లతోనో ఇటుకలతోనో ముఖం కడతారు. ఆ రెండు ముఖాల నడుమ సున్నం ముద్ద పరిచి, అందులో పిడికిలంత రాతి ముక్కలు, ఇటుక బెడ్డలు వరసలుగా వేసి దిమ్మిసతో కూరుతారు. తరవాత మళ్లీ ముఖం, మళ్లీ నింపుడు. ముఖమే అచ్చు, అదే చివరికి గోడలో భాగం. తీసేయాల్సిన చెక్క ఏదీ ఉండదు.

ముఖం కట్టే తీరు కాలంతో మారింది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో చేతికి దొరికిన రాళ్లను అడ్డదిడ్డంగా పేర్చేవారు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో టఫ్‌ను చిన్న పిరమిడ్ల లాగా కోసి, మొన లోపలికి, చదరపు అడుగు బయటికి ఉండేలా ఏటవాలుగా పేర్చడం మొదలైంది. గోడ మొత్తం వల పరిచినట్టు కనిపిస్తుంది. ఆ తరవాత కాలిన ఇటుకలు వచ్చాయి. సుమారు 20 సెంటీమీటర్ల చదరపు ఇటుకను మూలకు మూల కోసి ముక్కోణాలు చేసి, మొన లోపలికి పోయేలా పేర్చేవారు. మొన నింపుడులోకి దిగబడి పట్టుకుంటుంది. కొంత ఎత్తుకోసారి సుమారు 60 సెంటీమీటర్ల పెద్ద ఇటుకల వరస గోడ మందమంతా అడ్డంగా పరిచేవారు. నేడు ఒక శిథిలం ఏ కాలానిదో తేల్చడానికి పురావస్తు శాస్త్రజ్ఞులు ముందు చూసేది గోడ ముఖాన్నే. ఆ గోడల్లో వరసగా కనిపించే చదరపు కంతలు పరంజా కర్రలు దూర్చినవి. పని అయ్యాక కర్రలు తీశారు, కంతలు అలాగే ఉన్నాయి.

ఈ పద్ధతిలో అసలు లాభం మనుషుల లెక్కలో ఉంది. ముఖం పేర్చడానికి కొద్దిమంది మేస్త్రులు చాలు. మోసేవాళ్లకు, కలిపేవాళ్లకు, కూరేవాళ్లకు శిల్పి నైపుణ్యం అక్కర్లేదు. యుద్ధాల్లో పట్టుబడి వేలాదిగా వచ్చిన బానిసల చేత ఈ పని చేయించారు. రోమ్‌లోని టెస్టాచియో పేటలో, టైబర్ రేవు దగ్గర, సుమారు 487 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పున్న ఒక కట్టడం గోడలు నేటికీ అక్కడక్కడ నిలిచి ఉన్నాయి. దాన్ని చాలాకాలంగా పోర్టికస్ ఎమీలియా అనే గిడ్డంగిగా గుర్తిస్తున్నారు. వరసలు వరసలుగా కాంక్రీటు కమాను కప్పులతో కట్టిన ఆ కట్టడంలో ఈ కొత్త పద్ధతి ఎంత పెద్ద పనికి పనికొస్తుందో తేలిపోయింది.

అగ్నిప్రమాదం తరవాతి నగరం

క్రీ.శ. 64లో రోమ్ రోజుల తరబడి తగలబడింది. నగరంలో పేదలు ఉండే బహుళ అంతస్తుల అద్దె ఇళ్లు ఇరుకు సందుల్లో, కలప దూలాల మీద కట్టినవి. ఆగస్టస్ వాటి ఎత్తుకు 70 అడుగుల హద్దు పెట్టాడు కానీ, మంటకు ఆ హద్దు అడ్డు కాలేదు. ప్రమాదం తరవాత నీరో కొత్త నియమాలు తెచ్చాడు. వీధులు వెడల్పుగా ఉండాలి. ఇళ్ల ముందు నడవాలు వేయాలి. రెండిళ్లకు ఉమ్మడి గోడ కూడదు. కింది భాగాన్ని కలప లేకుండా, నిప్పుకు తట్టుకునే రాతితో కట్టాలి. ఇటుక ముఖపు కాంక్రీటుకు ఇంతకన్నా మంచి అదను రాలేదు.

కాలిన పేటల మీదే నీరో తన స్వర్ణ ప్రాసాదాన్ని కట్టించాడు. దాని వాస్తుశిల్పులు సెవెరస్, సెలెర్. అందులో ఎనిమిది మూలల గది ఒకటి నేటికీ ఉంది. దాని కప్పు కాంక్రీటు గుమ్మటం, నడినెత్తిన వెలుతురు కోసం గుండ్రటి రంధ్రం. చుట్టూ ఉన్న గదుల్లోకి వెలుగు గుమ్మటం భుజాల మీద నుంచి వాలుగా పడుతుంది. గోడకు కిటికీ పెట్టి వెలుగు తెచ్చే పాత అలవాటు ఇక్కడ మారింది. వాస్తుశిల్పి లోపలి శూన్యానికి ఒక ఆకారం ఇవ్వడం మొదలుపెట్టాడు.

నీరో పోయాక వెస్పేసియన్ ఆ ప్రాసాదపు చెరువును ఎండగట్టి, ఆ చోటే ప్రజలకోసం క్రీడారంగం మొదలుపెట్టాడు. అదే కొలోసియం. ఆయన కొడుకు టైటస్ దాన్ని క్రీ.శ. 80లో ప్రారంభించాడు. పొడవు 188 మీటర్లు, వెడల్పు 156 మీటర్లు, ఎత్తు సుమారు 48 మీటర్లు. ఒకప్పుడు చెరువున్న నేల కనక కింద మందపాటి కాంక్రీటు పునాది వేశారు. బరువు మోసే స్తంభాలు ట్రావర్టీన్, వాటి నడుమ గోడలు టఫ్, పై అంతస్తుల గోడలు ఇటుక ముఖపువి, కప్పులు కాంక్రీటు. ఏ బరువుకు ఏ సరుకో అంతా లెక్క ప్రకారమే. చుట్టూ 80 ద్వారాలు. వాటి మీద చెక్కిన అంకెలు కొన్ని ఇప్పటికీ చదవగలం. చీటీలో ఉన్న అంకెను బట్టి ద్వారం వెతుక్కుని వేలాదిమంది సులువుగా లోపలికి వెళ్లి, అంతే సులువుగా బయటికి వచ్చేవారు.

పాంథియన్

ఈ ప్రయాణంలో శిఖరం పాంథియన్. ముఖద్వారం మీద అగ్రిప్ప పేరు ఉంటుంది. ఆగస్టస్ స్నేహితుడు, సేనాని అయిన అగ్రిప్ప కట్టించిన మొదటి ఆలయం కాలిపోయింది. ఇప్పుడున్నది హేడ్రియన్ పాలనలో, సుమారు క్రీ.శ. 125 ప్రాంతంలో పూర్తయింది. హేడ్రియన్ తన పేరు వేసుకోకుండా పాత పేరునే ఉంచాడు. అందుకే దీని వయసు మీద చాలాకాలం గందరగోళం నడిచింది. గోడల్లోని ఇటుకల మీద ఉన్న ముద్రలు దాన్ని తేల్చాయి. ఇటుక బట్టీల వాళ్లు పచ్చి ఇటుక మీద యజమాని పేరు, కొన్నిసార్లు ఆ ఏటి కాన్సుల్ పేరు అచ్చు వేసేవారు. ఆ బట్టీలు పెద్ద కుటుంబాల ఆస్తి. మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి తల్లి డొమిషియా లూసిల్లా అలాంటి యజమానురాలే.

ముందు మండపంలో ఈజిప్టు నుంచి తెచ్చిన ఒంటిరాతి గ్రానైట్ స్తంభాలు నిలబడి ఉంటాయి. అవి దాటి లోపలికి పోతే గుండ్రటి గది. అడ్డంగా 43.3 మీటర్లు, నేల నుంచి నడినెత్తికీ దాదాపు అంతే ఎత్తు. అంటే లోపల ఒక పూర్తి గోళం ఇముడుతుంది. నెత్తిన సుమారు 9 మీటర్ల రంధ్రం. లోపలికి వెలుగు వచ్చేది ప్రధానంగా దాని గుండానే. వాన వస్తే నీళ్లు లోపలే పడతాయి. నేల మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉండి, నీళ్లు పోవడానికి సన్నటి రంధ్రాలు ఉన్నాయి.

ఇంత కప్పు ఇనుప కడ్డీ ఒక్కటీ లేకుండా ఎలా నిలిచింది? మొదటి జవాబు సరుకులో ఉంది. పునాదిలో కాంక్రీటుకు ట్రావర్టీన్ ముక్కలు వేశారు, అవి బరువైనవి. గోడల్లో పైకి పోయేకొద్దీ టఫ్, ఇటుక బెడ్డలు. గుమ్మటం పై భాగంలో తేలికపాటి టఫ్, ప్యూమిస్ అనే నురగరాయి. రెండో జవాబు మందంలో ఉంది. కింద గోడ మందం సుమారు 6 మీటర్లు, రంధ్రం అంచు దగ్గర కప్పు మందం మీటరు పైచిలుకు మాత్రమే. లోపలి వైపు ఒక్కో వరసకు 28 చొప్పున ఐదు వరసల చదరపు గుంటలున్నాయి. అందానికి అందం, పైగా కొంత బరువూ తగ్గింది. మూడోది గోడ. చూడడానికి ఏకంగా కనిపిస్తుంది కానీ, లోపల గూళ్లు, ఖాళీలు ఉన్నాయి. ఇటుక కమానులు బరువును ఆ ఖాళీల మీద నుంచి పక్కలకు మళ్లించి ఎనిమిది భారీ దిమ్మెల మీదికి దింపుతాయి. బయట నుంచి చూస్తే ఆ కమానులు గోడలో స్పష్టంగా తెలుస్తాయి.

1930ల్లో మరమ్మతులు చేస్తున్నప్పుడు గుమ్మటంలో కింది నుంచి పైకి పోయే పగుళ్లను జాగ్రత్తగా నమోదు చేశారు. గుమ్మటం అడుగు భాగం బయటికి విచ్చుకోవాలని చూస్తుంది, కాంక్రీటుకు ఆ లాగుడు తట్టుకునే శక్తి తక్కువ. పగిలాక గుమ్మటం పక్కపక్కనే నిలబడ్డ కమానుల గుంపులా పనిచేస్తోంది. పైన రంధ్రం చుట్టూ ఉన్న ఉంగరం దగ్గర అవన్నీ ఒకదానికొకటి ఆనుకున్నాయి. బయట అడుగు భాగంలో మెట్లు మెట్లుగా వేసిన అదనపు బరువు, కింద మందపు గోడ వాటి తోపుడును ఆపుతున్నాయి. కట్టినవాళ్ల దగ్గర ఒత్తిడి లెక్కలు లేవు. ఉన్నదల్లా తరాల అనుభవం, అవసరమైన చోట ధారాళంగా వేసిన మందం. ఇనుము లేని కాంక్రీటు గుమ్మటాల్లో ప్రపంచంలో ఇప్పటికీ ఇదే పెద్దది.

చక్రం తొక్కినవాళ్లు

చక్రవర్తుల పేర్లు రాతి మీద ఉన్నాయి. పని చేసినవాళ్లను చూడాలంటే హటేరియై కుటుంబపు సమాధి శిల్పం దగ్గరికి పోవాలి. వాటికన్ మ్యూజియంలో ఉన్న ఆ శిల్పంలో పొడవాటి దూలం, దానికి గిలకలు, తాళ్లు, అడుగున పెద్ద చెక్క చక్రం కనిపిస్తాయి. చక్రం లోపల మనుషులు నడుస్తూ తొక్కుతుంటారు. చక్రం తిరిగితే తాడు చుట్టుకుంటుంది, బరువు పైకి లేస్తుంది.

ఒక్క కట్టడం వెనక ఎన్ని చేతులు! సున్నపు బట్టీ గురించి క్రీ.పూ. 2వ శతాబ్దంలోనే కేటో తన వ్యవసాయ గ్రంథంలో రాశాడు. వెడల్పు 10 అడుగులు, లోతు 20 అడుగులు, పైకి పోయేకొద్దీ మూతి 3 అడుగులకు కుదించాలన్నాడు. మంట రాత్రీ పగలూ ఆరకూడదన్నాడు. అడవిలో కట్టెలు కొట్టేవాళ్లు, బూడిద తవ్వేవాళ్లు, ఇటుక కోసేవాళ్లు, ఓడలవాళ్లు, కమానులకూ గుమ్మటాలకూ కింద సెంట్రింగ్ కట్టే వడ్రంగులు, అందరూ సమయానికి అందాలి. పాంథియన్ కప్పు కింద ఒకప్పుడు నిలబడిన చెక్క పని ఆ కప్పుకు ఏమాత్రం తీసిపోని నైపుణ్యం. క్రీ.శ. 301లో డయోక్లిషియన్ ధరలకూ కూలికీ హద్దులు ప్రకటించాడు. అందులో పొలం కూలికి తిండితో పాటు రోజుకు 25 డెనారీలైతే, సున్నం కాల్చేవాడికి, రాతిపని మేస్త్రికి 50. సున్నం పనిని ఆ ప్రభుత్వం నేర్పుగల వృత్తిగా లెక్కగట్టిందని ఈ అంకెలు చెబుతున్నాయి.

సముద్రం అడుగున

యూదయ రాజు హెరోదు ఆగస్టస్ పేరు మీద సిజేరియా రేవును క్రీ.పూ. 1వ శతాబ్దం చివర్లో కట్టించాడు. దానికోసం నేపుల్స్ ప్రాంతపు బూడిద మధ్యధరా సముద్రం దాటి వచ్చింది. చెక్క పెట్టెలను నీళ్లలో దింపి వాటిలో కాంక్రీటు నింపారు. ఇలాంటి రేవుల కాంక్రీటు మీద 2017లో ప్రచురించిన పరిశోధన, సముద్రపు నీరు లోపలికి ఊరుతూ కొత్త ఖనిజ స్ఫటికాలను పుట్టిస్తోందని చూపింది. అవి ఆ ముద్దను మరింత బిగిస్తున్నాయి. 2023లో మరో బృందం ఇటలీలోని ప్రివెర్నమ్ గోడ ముక్కలను పరీక్షించింది. వాటిలోని తెల్లటి సున్నపు పలుకులు పొడిసున్నాన్ని నేరుగా, వేడివేడిగా కలపడం వల్ల వచ్చాయని తేల్చింది. పగులులోకి నీరు చేరితే ఆ పలుకులు కరిగి, మళ్లీ గట్టిపడి పగులును పూడుస్తాయి. విట్రూవియస్ చెప్పింది ముందుగా నీళ్లు పోసి విరియబెట్టిన సున్నం గురించి. బట్టీ దగ్గర మేస్త్రులు చేసిన పనంతా గ్రంథంలోకి ఎక్కలేదు.

అలాగని రోమన్ కాంక్రీటు ఇప్పటి సిమెంటు కాంక్రీటు కన్నా గట్టిదనుకోవడం సరికాదు. బరువు మోయడంలో ఇప్పటిదే మేలు, పైగా గట్టిపడడానికి తక్కువ కాలం పడుతుంది. రోమన్లు తమ సరుకును నొక్కుడుకే వాడారు, లాగుడుకు వాడలేదు. మనం లాగుడుకోసం లోపల ఇనుము పెట్టాం. ఆ ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే స్లాబు పెచ్చులూడడం మన ఊళ్లలో రోజూ చూసేదే. రోమన్ గోడలో తుప్పు పట్టడానికి ఏమీ లేదు.

గ్రంథం మిగిలింది, పని పోయింది

క్రీ.శ. 4వ శతాబ్దం మొదట్లో మాక్సెంటియస్ మొదలుపెట్టి కాన్‌స్టంటైన్ పూర్తిచేసిన బసిలికా, రోమ్ నగరంలో ఈ విద్యకు చివరి భారీ ప్రదర్శనల్లో ఒకటి. సుమారు 35 మీటర్ల ఎత్తున కమాను కప్పులు లేచాయి. తరవాత రాజధాని తూర్పుకు తరలింది. ధాన్యపు ఓడలు, పన్నులు, బట్టీలు ఒకదాని వెనక ఒకటి సన్నగిల్లాయి. కాన్‌స్టాంటినోపుల్‌లో 537లో పూర్తయిన హేగియా సోఫియా ఆ ఊహను ఇటుకలోకి మార్చుకుంది. దాని గుమ్మటం 558లో కూలితే మళ్లీ కట్టారు. రోమ్‌లో మాత్రం మధ్యయుగాల జనం పాత కట్టడాల పాలరాతి పలకలను, విగ్రహాలను బట్టీల్లో వేసి సున్నం కాల్చారు. పాంథియన్ 609లో చర్చి కావడం వల్ల బతికింది.

విట్రూవియస్ గ్రంథం మాత్రం పోలేదు. మఠాల్లో దాన్ని నకలు రాస్తూనే ఉన్నారు. పాళ్లు, బూడిద పేరు, సున్నం లెక్క అన్నీ అందులో ఉన్నాయి. అయినా 1436లో ఫ్లోరెన్స్ గుమ్మటం మూతపడే దాకా, అంటే సుమారు 1300 ఏళ్లు, పాంథియన్‌ను మించిన గుమ్మటం లేవలేదు. ఆ ఫ్లోరెన్స్ గుమ్మటం కూడా ఇటుకతో, వేరే ఉపాయంతో కట్టిందే. ఒక నిర్మాణ విద్య బతకాలంటే సూత్రం రాసి ఉంటే చాలదు. బట్టీ వెలుగుతూ ఉండాలి, ఓడ నడుస్తూ ఉండాలి, పెద్ద మేస్త్రి పక్కన చిన్నవాడు పని నేర్చుకుంటూ ఉండాలి, వీటన్నిటికీ ఏటేటా సొమ్ము పెట్టే వ్యవస్థ ఉండాలి. రోమ్ ఆ గొలుసును ఐదు వందల ఏళ్లు అల్లింది. దాని కట్టడాలను మెచ్చుకునేటప్పుడు ముందుగా మెచ్చుకోవలసింది ఆ గొలుసునే. మన గానుగ సున్నపు మేస్త్రుల విద్య విషయంలోనూ తెలుగునాట మనం ఆలోచించవలసింది ఇదే.

*వచ్చే భాగం: కొండల నుంచి కొళాయి దాకా – రోమ్ నీటి కాలువలు, వాటిని లెక్కగట్టిన అధికారి ఫ్రాంటినస్.*